బుడ్డిదాని మధ్యాహ్న భోజనం

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది, "నానమ్మా, నీ చిన్నప్పుడు మీ ఇంట్లో కుక్కపిల్ల ఉండేదా?" అని. కుక్కపిల్ల లేదు తల్లీ, పందిపిల్ల ఉండేది అన్నాను. అటు నుంచి పకపకా నవ్వులు, ఆ వెంటనే ఫోన్ తెగిపోయింది (తెగిందో, మీ అమ్మ లాక్కుందో నాకు తెలియదు). నవ్వితే నవ్వారు గానీ సగం మాటే విన్నారు. మీరు ఎక్కడో దూరాన ఉన్నారు, ఫోన్‌లో నా గొంతు సన్నగా వినిపిస్తుందని ఎప్పుడూ అంటారు. అందుకని మిగిలిన సగం రాసి పంపుతున్నాను. పెద్దాడు చదివి వినిపించాలి. పగలే చదవండి అని చెప్పేదాన్నే, కానీ ఇది పగటిపూట జరిగిన సంగతే. భయం కూడా అందుకే.

ఆ రోజుల్లో మనుషులకూ, పశువులకూ, కంటికి కనిపించని వాళ్ళకూ మధ్య గోడలు ఇప్పుడున్నంత ఎత్తుగా ఉండేవి కావు. మాది మలక్‌పేట దాటి సైదాబాద్ వైపు పోయే దారిలో, నాలా ఒడ్డున, చిన్న పెంకుటిల్లు. పందులు పెంచే ఇల్లు. మా బాపు, అంటే మా నాన్న, ఆయన నాన్న, ఆ పైన ఆయన నాన్న, అందరిదీ అదే పని. ఇంటి వెనక ఒకప్పుడు ఏ నవాబుగారిదో తోట బంగళా ఉండేదట. పెద్ద వరదకు అది కూలిపోయి, నేను పుట్టేసరికి కొన్ని మొండిగోడలు, వాటి మధ్య ఒక్క కమాను మాత్రం నిలబడి ఉన్నాయి. ఆ కమాను వెనక చీకటి గది లాంటిది ఒకటి. ఎండాకాలం నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు కూడా అక్కడ నేల చల్లగా, కొంచెం తడిగా ఉండేది. కాకి కూడా దాని మీద వాలదని మా బాపమ్మ (మా నాన్న తల్లి) అనేది. వాలేది, నేను కళ్ళారా చూశాను, కానీ బాపమ్మతో వాదించి గెలిచిన వాళ్ళు మా వంశంలో లేరు.

ఆ మొండిగోడలకు ఇటు మేము, అటు ఖాలా. ఆమె మాకు పిన్ని వరస ఏమీ కాదు, ముసల్మానుల ఇల్లు, కానీ ఆ వీధిలో పిల్లలందరికీ ఆమె ఖాలాయే. ఆమె భర్తను ఖాలూ అనేవాళ్ళం. పందెపు గుర్రాలకు మాలిష్ చేసి, దాణా పెట్టి, పొద్దున్నే నడిపించే పని ఆయనది. వాళ్ళ నోట మా జీవాల పేరు పలకకూడదు. అయినా ఖాలా మర్యాద గల మనిషి, పలకరించకుండా ఎలా ఉంటుంది? అందుకని గోడ మీదుగా మా అమ్మను "మీవాళ్ళు మంచిగున్నరా?" అని అడిగేది. "అల్లా దయతోని అందరు మంచిగున్నరు ఆపా" అనేది మా అమ్మ (ఆపా అంటే అక్క). కొత్తవాళ్ళెవరైనా వింటే మా ఇంటి నిండా చుట్టాలే అనుకోవాలి. బాపు కూడా మందను ఎప్పుడూ వాళ్ళ గుమ్మం ముందు నుంచి తోలేవాడు కాదు, నాలా చుట్టూ దూరమైనా తిప్పి తెచ్చేవాడు. సీతాఫలాల కాలంలో మేము కాయలు పంపేవాళ్ళం, పండగకు ఖాలా సేమ్యాల పాయసం పంపేది. అంతా అలా కళ్ళతోనే సర్దుకుని బతికేవాళ్ళం.

మావాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఆడపిల్ల ఎదుగుతున్నప్పుడు, ఒక ఈతలో పుట్టి, పాలు మానిన పందిపిల్లల్ని ఆమె చేతికి అప్పగిస్తారు. అవి బతికి, బోనాల నాటికి ఒళ్ళు చేస్తే, అందులో ఒక ఆడది ఆ పిల్ల సొంతం. పెళ్ళయి పోయేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు. దాని ఈతలు, ఆ ఈతల ఈతలు అన్నీ ఆమెవే, మొగుడికి కూడా అందులో మాట ఉండదు. మా అమ్మ అలా తన పందిని తోలుకునే ఈ ఇంటికి వచ్చింది. బతక్కపోతే మాత్రం 'పొల్ల చెయ్యి మంచిది కాదు' అని పేరు పడిపోతుంది. ఇంక ఏ ఇంట్లోనూ జీవాన్ని అప్పగించరు, జన్మంతా వేరేవాళ్ళ మందకు కుడితి మోయడమే. నాకు ఆ వంతు వచ్చిన ఏడు చూడండి, యుద్ధం రోజులు, నూకలు మనుషులకే దొరకడం లేదు. దానికి తోడు అంతకుముందు వానల్లో జబ్బు తగిలి మంద మొత్తం పోయింది. మిగిలింది ఒక్క పెద్దక్క (మా పెద్ద పంది పేరు అది), ఆ తర్వాత అది ఈనిన పిల్లలు.

ఎండలు ముదిరిన ఒకరోజు మిట్టమధ్యాహ్నం పెద్దక్క చల్లదనం వెతుక్కుంటూ పోయి కమాను కింద పడుకుంది. మళ్ళీ లేవలేదు. మూతి నిండా నురగ, కాలి మీద పాము గాటు. విషమెక్కిన జీవాన్ని ఎవరూ తినరు కాబట్టి బాపు అక్కడే, ఆ కమాను పక్కనే గుంత తీసి పూడ్చేశాడు. సవ్యంగా జరిగితే పిల్లలు ఇంకొన్నాళ్ళు తల్లి పక్కన పడుకుంటూ, తల్లి తొట్టిలో మూతి పెట్టడం నేర్చుకుంటూ, మెల్లమెల్లగా పాలు మరిచిపోవాలి. వీటికి ఒక్క పూటలో పాలూ పోయాయి, తల్లీ పోయింది. ఆ సాయంత్రమే బాపమ్మ నన్ను దొడ్డి దగ్గరికి పిలిచింది.

"ఇగో పొల్లా, ఇయ్యాల్టికెళ్ళి ఇవి నీ పిల్లలు."

"నా జడ నేనే ఏస్కోరాదు బాపమ్మా, గివాటిని నేనెట్ల సాదాలె?"

"నీ జడ సూస్తయానే అవి? బువ్వ సూస్తయి. ఇను మంచిగ. కడుపు పగిలేటట్టు ఒక్కసారి పెడ్తివా, పారుకోని సస్తయి. పెట్టకపోతివా, ముడుసుకోని సస్తయి. జెర జెర, మల్ల మల్ల పెట్టాలె. ఎచ్చగ పెట్టాలె. ఒకదాని బువ్వ ఒకటి గుంజుకోకుంట కావలి ఉండాలె. ఇంకొకటి, ఎన్నున్నయో లెక్కపెట్టకు."

(అందుకే ఎన్ని పిల్లలో మీకు చెప్పడం లేదు. బాపమ్మ పోయి ఇన్నేళ్ళయినా ఆమె మాట దాటడానికి నాకింకా ధైర్యం రాలేదు.)

బాపు బేగంబజార్ గిడ్డంగుల దగ్గర ఊడ్చి పారబోసే తవుడు, పల్లిచెక్క పొడి మూట కట్టుకొచ్చేవాడు. అందులో సగం మట్టి. అమ్మ జల్లించేది, నేను గంజిలో కలిపి కాచేదాన్ని. తొట్టిలో పోస్తే పిల్లలు వాసన చూసి, అందులోనే నిలబడి, ఒకదాని పొట్ట కింద ఒకటి మూతి పెట్టి పాల కోసం తడుముకునేవి. రోజంతా అదే పని. అన్నిటికన్నా చిన్నది, నా పిడికిట్లో పట్టేంత మూతి ఉన్నది, దాన్ని బుడ్డిది అనేవాళ్ళం. దాన్ని మిగతావి తొట్టి దగ్గరికే రానిచ్చేవి కావు. గోడవారగా కూర్చుని నా వైపు చూసేది. ఆ ఈతలో ఆడవి రెండే. రెండోది పారుకుని, అంటే విరేచనాలు పట్టుకుని, నాలుగు పూటల్లోనే పోయింది. అంటే నా సొంతమయ్యేది ఉంటే గింటే ఇక బుడ్డిదే. బుడ్డిది పోతే నా చెయ్యి మంచిది కాదు.

తల్లి పిలిస్తేనే పిల్లలకు తినాలని తోస్తుందని బాపమ్మ నాకు పెద్దక్క పిలుపు నేర్పింది. పాలిచ్చేముందు తల్లి పక్కకు ఒరిగి, మెల్లగా, తాళం వేసినట్టు గుర్రుమంటుంది. పిల్లలు చేరగానే ఆ తాళం వడివడిగా మారుతుంది. "గొంతులకెళ్ళి కాదే, పొట్టలకెళ్ళి రావాలె" అని బాపమ్మ నా డొక్కలో పొడిచేది. నేను పట్టుదల గల పిల్లని. నీళ్ళు తెస్తూ గుర్రుమనేదాన్ని, జొన్నలు విసురుతూ గుర్రుమనేదాన్ని, చివరికి నిద్రలో కూడా గుర్రుమన్నానట. వీధి చివర పాలాయన పని మానుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఏందన్నా గీ లొల్లి? మీ పొల్ల గుర్రుగుర్రు అంటాంటే మా బర్రె బెదిరి పాలు గుంజుకుంటున్నది!"

"మంచి ఇద్య నేరుస్తున్నది, ఇంక నిజాం సర్కారు బాండుల పెట్టియ్యాలె దీన్ని" అన్నాడు బాపు.

"పిల్లను సూడనీకి వచ్చినోళ్ళ ముంగట గిట్లనే పాడు, ఆ పూటనే లగ్గం ఖాయం చేస్తరు" అంది అమ్మ.

ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. కల్లు మడ్డి కొంచెం గంజిలో కలిపితే ఆకలి పుడుతుందని బాపమ్మ ఎప్పుడో అంది. కొంచెమే అంత పని చేస్తే ఎక్కువ ఇంకెంత చేస్తుందోనని నేను కుండ మొత్తం ఒంపేశాను. ఆ పూట మాత్రం తొట్టి నాకేశాయి. తర్వాత ఒకటి గోడకు నెత్తి ఆనించి నిలబడే నిద్రపోయింది, ఒకటి మా కోడిపుంజుని తల్లి అనుకుని వాకిలంతా వెంటపడింది, మిగతావి ఒకదాని మీద ఒకటి కుప్పగా పడి గురక. మా అమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది. "అచ్చం మీ చిన్నాయన లెక్కనే ఉన్నయి" అని లోపలికి పోయింది.

బాపమ్మ దగ్గర పాత చీర అంచు ఒకటి ఉండేది. వారానికోసారి దాన్ని పిల్ల ఎదురురొమ్ము చుట్టూ తిప్పి, కొస కలిసిన చోట ముడి వేసేది. ముడి జరిగితే పిల్ల పెరిగినట్టు. కొలిచేటప్పుడు కళ్ళు పక్కకు తిప్పుకోవాలి, లేకపోతే మన చూపే తగులుతుంది (చూడకుండా ముడి వేయడం ఎంత కష్టమో ఒకసారి బాపమ్మ తన కొంగు కూడా కలిపి ముడేసుకున్నప్పుడు తెలిసింది). మొదటి వారం అన్నిటికీ ముడి వెనక్కి జరిగింది. పాలు మానిన కొత్తలో అంతేలే అని బాపమ్మ ధైర్యం చెప్పింది. రెండోసారి ఎక్కడిది అక్కడే. బుడ్డిదాన్ని కొలవబోతే నేనే వద్దన్నాను, అదెలాగూ తొట్టి ముట్టడం లేదు, ఏడుపు దేనికని. బాపమ్మ వినలేదు. అంచు తిప్పింది, ముడి వేసింది, మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది.

"గిది ఏం తింటున్నదే?"

"ఏం తింటలేదు బాపమ్మా. నేను సూస్తనే ఉన్న."

"తిననిది గింతెట్ల పెరిగె?"

బాపమ్మ దాని మూతి పట్టుకుని వాసన చూసింది. నన్నూ చూడమంది. చూశాను. పాలవాసన. తడి ఆరని, తాజా పాలవాసన. మూతి చివర వెంట్రుకల మీద తెల్లగా ఒక చుక్క కూడా ఉంది. మా ఇంట్లో బర్రె లేదు, మేక లేదు. మందలో ఆ పిల్లలు తప్ప ఇంకో పెద్ద పంది లేదు. మేమిద్దరం ఒకేసారి తల తిప్పి కమాను వైపు చూశాం. పెద్దక్కను పూడ్చిన మట్టి ఎండకు పగుళ్ళిచ్చి ఉంది.

మర్నాటి నుంచి నేను కాపు కాశాను. మధ్యాహ్నం గాలి నిలిచిపోయి, వీధి మొత్తం తలుపులు మూసుకున్న వేళ, బుడ్డిది హఠాత్తుగా చెవులు నిలబెట్టేది. దొడ్డి కంపలో ఉన్న సందులోంచి జారి మొండిగోడల వైపు పరుగెత్తేది. కాసేపటికి పొట్ట ఊపుకుంటూ వచ్చి పడుకునేది. అది ఎందుకు చెవులు నిలబెడుతుందో రెండో రోజు నాకూ వినిపించింది. మెల్లగా, తాళం వేసినట్టు, పొట్టలోంచి వచ్చే గుర్రుమనే పిలుపు. కమాను వైపు నుంచి. నేను నోరు గట్టిగా మూసుకుని ఉన్నాను, ఎందుకో చేత్తో తడుముకుని కూడా చూసుకున్నాను.

ఇంట్లో చెబితే అమ్మ నిమ్మకాయలు తీసింది. "వద్దే" అని అడ్డుకుంది బాపమ్మ. "తల్లి పాలిస్తున్నది. సచ్చిందో బతికిందో, పిల్లకు పాలిచ్చేదాన్ని ఆపేటోళ్ళం మనమెవ్వరం?" బాపు పెద్దగా నవ్వాడు. దయ్యం లేదు, గియ్యం లేదు, ఇప్పుడే చూసి వస్తానని కర్ర పట్టుకుని ఎండలో బయల్దేరాడు. మేము గుమ్మంలో నిలబడ్డాం. మొదటి గోడ దాటాడు, రెండో గోడ దగ్గర ఆగాడు, వెనక్కి తిరిగి వడివడిగా వచ్చేశాడు. ఏమైందంటే "చుట్ట మర్చిన" అన్నాడు. చుట్ట చెవి వెనకే ఉంది.

అప్పట్లోనే ఖాలా ఇంట్లోనూ ఒక ఆపద నడుస్తోంది. ఖాలూను గుర్రం రొమ్ము మీద తన్నింది. హకీము కట్లు కట్టాడు, ఎముకలు అతుక్కున్నాయి, కానీ మనిషి తిండి మానేశాడు. ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడట. అంత గట్టి మనిషి కొంగు మడతలాగా అయిపోయాడు. గోడ దగ్గర అమ్మకు చెబుతూ ఖాలా ఏడ్చింది. "దర్గా కాడ ఒక ముసలామె చెప్పింది చెల్లీ. మీ ఇంటి పక్కన ఎవరో ఆకలితోని ఉన్నరు, కండ్లకు అవుపడరు, ముందుగాల వాళ్ళ కడుపు నింపు, అప్పుడు మీ ఆయన తింటడు అని. రోజు పెడ్తున్న. ఖాళీ అయితున్నది. ఈయన గూడ నిన్న గంజి తాగిండు." ఎక్కడ పెడుతోందో, ఏం పెడుతోందో చెప్పలేదు, అమ్మ అడగలేదు. మీరు మాత్రం ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు, తెలివైన పిల్లలు కదా. మాకు తట్టలేదు. మా భయం మాది, ఆమె భయం ఆమెది, మధ్యలో ఆ మొండిగోడలు.

చివరికి ఒక మధ్యాహ్నం, పెద్దక్క ఎలా వచ్చి పాలిస్తోందో చూడాల్సిందే అనుకుని బయల్దేరాను. ధైర్యం ఎక్కువై కాదు. బుడ్డిది నా సొంతం కావాలి, కానీ దయ్యం పాలు తాగి పెరిగింది నాదవుతుందా, దాని తల్లిదే అవుతుందా అన్న దిగులు నన్ను తినేస్తోంది. ఒక్కదాన్నే పోవడానికి కాళ్ళు రాక బుడ్డిదాన్నే తోడు తీసుకున్నాను. ఇంకా పిలుపు రాకముందే దొడ్డిలోంచి ఎత్తి, ఓణీలో చుట్టి, మూతి గుప్పిట్లో పట్టుకుని రెండో గోడ వెనక నక్కాను. ఎండ తెల్లగా కాగుతోంది. చీమ నడిస్తే వినిపించేంత నిశ్శబ్దం. తల కొంచెం పైకెత్తి చూస్తే కమాను ముందు ఒక ఆకారం కూర్చుని ఉంది. తల మీదుగా తెల్లటి ముసుగు. కదలదు. నా గుండె కొట్టుకోవడం బుడ్డిదాని గుండెకు తగులుతోంది, దానిది నాకు.

గాలికి ముసుగు జరిగింది. ఖాలా. ఒళ్ళో మోదుగాకు దొప్ప. అందులో జొన్నరొట్టె నలిపి, బెల్లం కలిపి, మేకపాలు పోసి ఉంది. అంత దూరానికీ నెయ్యి వాసన వచ్చింది (ఆ కరువులో నెయ్యి! ఆమె ఎన్ని పూటలు తన నోరు కట్టుకుందో). పెదవులు బిగించి, కమాను లోపలి చీకటిలోకి చూస్తూ ఎదురుచూస్తోంది.

అప్పుడు పిలుపు వచ్చింది.

ఖాలా ఉలిక్కిపడలేదు. "ఆయీ బాబా, ఆయీ" (వస్తున్నా నాయనా) అంటూ లేచి, దొప్పను కమాను కింద పెట్టి, వెంటనే వెనక్కి తిరిగి వాళ్ళ ఇంటివైపు నడక మొదలుపెట్టింది. కనిపించనివాళ్ళకు పెట్టినప్పుడు వెనక్కి చూడకూడదు కదా. ఆమె అటు తిరగడమే ఆలస్యం, బుడ్డిది నా చేతుల్లోంచి చేపలాగా జారి, దుమ్ము రేపుకుంటూ పోయి దొప్పలో మూతి పెట్టింది. చప్, చప్, చప్. వీధంతా వినిపించేంత చప్పుడు. ఖాలా ఆ చప్పుడుకు ఒక్క క్షణం ఆగింది. తల తిప్పలేదు. "ఖాలో బేటా, పేట్ భర్‌కే ఖాలో" (తిను బిడ్డా, కడుపునిండా తిను) అని, ముసుగు కొసతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నేను ఓణీ చెంగు నోట్లో కుక్కుకుని గోడ కింద పడి నవ్వాను. పెద్దక్క దయ్యమూ లేదు, ఖాలా అనుకున్న కంటికి కనిపించని జిన్నూ లేదు. పేరు కూడా పలకని జీవానికి ఆ తల్లి రోజూ నేతి మలీదా పెడుతోంది, మా బాపమ్మ దాన్ని చచ్చినదాని పాలనుకుని దణ్ణం పెడుతోంది! ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. బుడ్డిది దొప్ప నాకి, ఆకు కూడా సగం నమిలి, నా దగ్గరికి వచ్చి ఒళ్ళో పడుకుంది. దాని పొట్ట డోలులా ఉంది. అలా దాని వీపు నిమురుతూ ఉంటే నా నవ్వు మెల్లగా ఆగిపోయింది. పిలుపు వచ్చినప్పుడు ఇది నా చేతుల్లో ఉంది. దీని మూతి నా గుప్పిట్లో ఉంది.

కమాను వైపు చూడకుండా, పరుగెత్తకుండా, నేను కూడా ఖాలాలాగే వెనక్కి తిరగకుండా ఇంటికి వచ్చాను.

బాపమ్మకు ఒక్కదానికే చెప్పాను. మలీదా సంగతి విని, మిగిలిన పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, వెంటనే నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"ఈ మాట గోడ దాటొద్దు. ఆమెకు తెలిస్తే ఆమె మనసిరుగుతది, ఆయన మల్ల మంచం పడ్తడు. బుడ్డిది తినాలె, ఆయన తినాలె. ఇద్దరికి మంచిదే గదా?"

"గదంత మంచిదే బాపమ్మా. పిలిచిందెవరు మరి?"

బాపమ్మ చీర అంచు తీసి, కళ్ళు పక్కకు తిప్పుకుని ఎంతోసేపు ముడి వేస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచి మిగతా పిల్లలకు కూడా గంజిలో కొంచెం బెల్లం కలపమంది, పాలాయనను బతిమాలి మజ్జిగ తెప్పించింది. బుడ్డిదాని ముడి జరిగితే వాటి ముడి ఎందుకు జరగదో ఆమెకు అర్థమైనట్టుంది. జరిగాయి కూడా. బోనాల నాటికి దొడ్డి నిండా గుండ్రటి వీపులు. బాపు అందరి ముందు బుడ్డిదాని చెవికి ఎర్రదారం కట్టి తాడు నా చేతికిచ్చాడు. ఆ వారమే ఖాలూ కర్ర పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి కూర్చున్నాడు. ఖాలా గోడ మీదుగా "మీ ఖాలూ ఇయ్యాల మల్ల రొట్టె అడిగిండు బేటీ!" అని ఏడుస్తూ నవ్వింది. ఆ మర్నాటి నుంచి కమాను వైపు నుంచి పిలుపు వినిపించలేదు. బుడ్డిది కూడా మధ్యాహ్నం చెవులు నిలబెట్టడం మానేసి తొట్టికి వచ్చింది.

ఆ తర్వాత నాకు పెళ్ళయింది. అత్తగారింటికి బండి కట్టారు. వెనక గడ్డిలో బుడ్డిది, దాని తొలి ఈత పిల్లలు. (మీ తాతగారు ఆ పూటే నాతో మొదటి మాట మాట్లాడారు, "ఇవన్నీ మన ఎంబడే వస్తయా?" అని.) ఖాలా వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. బండి వెనక భాగం వైపు చూడకుండా నా ముఖం మాత్రమే చూస్తూ నా తల నిమిరింది.

"మీవాళ్ళు గూడ నీతోనే వస్తున్నరా బేటీ?"

"వస్తున్నరు ఖాలా." ఇంక మళ్ళీ ఎప్పుడు కలుస్తానో అనిపించి, నోరు జారాను. "ఖాలా, ఆ కమాను కింద మల్ల ఎప్పుడన్న పిలిచిందా?"

ఆమె చెయ్యి నా తల మీదే ఆగిపోయింది. "పిలుస్తుండె అని నీకెవరు చెప్పిన్రు? మీ ఖాలూకు గూడ చెప్పలే నేను."

సరిగ్గా అప్పుడే బండి వెనక గడ్డిలో బుడ్డిది పక్కకు ఒరిగి, పిల్లల్ని పాలకు పిలిచింది. మెల్లగా, తాళం వేసినట్టు, పొట్టలోంచి. అచ్చం అదే గొంతు. ఖాలా విన్నది. ఆమె కళ్ళు నా కళ్ళ మీదే ఉన్నాయి, రెప్ప పడలేదు. ఆ కళ్ళల్లో కోపం వస్తుందేమోనని నేను చూస్తున్నాను. ఆమె పెదవి చివర ఒక చిన్న నవ్వు వచ్చిందా, నేనే అలా అనుకున్నానా, ఇప్పటికీ చెప్పలేను. "ఖుష్ రహో", సుఖంగా ఉండు అని దీవించింది. అటు తిరిగి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది.

ఆ బుడ్డిదాని మంద మీద వచ్చిన డబ్బుతోనే మీ నాన్న బడికి పోయాడు, అది వేరే సంగతి. ఇప్పుడు నా వయసు ఆనాటి బాపమ్మ వయసు దాటింది. మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయాక, ఎవరూ లేకుండా చూసుకుని, పొట్టలోంచి వస్తుందో లేదోనని ఒకసారి గుర్రుమంటాను (మీ తాతగారు బతికుండగా 'ఆయాసమా?' అని గాభరాపడేవారు). వస్తుంది, ఇంకా బాగానే వస్తుంది. ఆ జడ వేసుకోవడం రాని పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ నవ్వు ఆగినప్పుడల్లా అదే ఎండ, అదే గోడ. పెద్దక్క మట్టిలో ఉంది. బుడ్డిదాని మూతి నా గుప్పిట్లో ఉంది. ఖాలా పెదవులు బిగించి ఉంది. మరి ఆ రోజు పిలిచిందెవరు?